ఉలవల పరీక్ష

ఇప్పుడంటే ఎవరి ఫోను తెరిచినా బరువు తగ్గించే సలహాలు కుప్పలుగా వచ్చి పడుతున్నాయి గానీ, నేను డిగ్రీ ముగించి మా ఎరువుల దుకాణంలో కొత్తగా కూర్చున్న ఆ రోజుల్లో, మా మార్కాపురంలో లావుగా ఉండటం తప్పని ఎవరికీ తోచేది కాదు. లావుగా ఉన్నవాణ్ణి చూసి కలిగినోళ్ల పిల్లాడనుకునేవారు, సన్నగా ఉన్నవాణ్ణి చూసి పాపం ఏం కష్టమొచ్చిందో అనుకునేవారు. ఆ లెక్కన మా దుకాణానికి బోర్డు అక్కర్లేదు, నేను చాలు. పొద్దున నాయన పక్కన కుర్చీలో కూర్చోవడం, తినడం, మళ్లీ కూర్చోవడం, ఇదీ నా ఉద్యోగం. యూరియా దించే హమాలీలు నాకు 'బస్తా' అని పేరు పెట్టారని చాలా ఆలస్యంగా తెలిసింది. (తెలిసిన విధం కూడా చెప్పాలి. కొత్తగా వచ్చిన రైతు ఒకాయన నన్నే పట్టుకుని "బస్తా ఉండాడా?" అని అడిగాడు. ఆయన 'ఉండాడా' అన్నాడని గమనించకుండా "ఎన్ని కావాల?" అన్నాను.) నాకు కోపం రాలేదు. అసలు కోపం రావాలంటే కాస్త లేచి నిలబడాలి కదా.

అటువంటి నాకు బరువు తగ్గాలన్న పట్టుదల రావడానికి కారణం మా అక్క పెళ్లి. గిద్దలూరు సంబంధం కుదిరింది. మా కాబోయే బావ బాగా సన్నని మనిషి. అక్క నన్ను ఎగాదిగా చూసి, "రేయ్, ఫోటోల్లో నువ్వు మాత్రం ఆయన పక్కన నిలబడొద్దు, ఆయన కనపడడు," అంది. నవ్వుతూనే అంది గానీ నాకు గుచ్చుకుంది. ఆ సాయంత్రమే సూటు కొలతలివ్వడానికి పోతే, టైలరన్న టేపు నా నడుం చుట్టూ తిప్పి, ఒక క్షణం ఆలోచించి, "ఇప్పుడే తీసుకోమంటావా తమ్ముడూ, పెళ్లి ముందర తీసుకుందామా? ఇంకా పెరుగుతావేమో," అన్నాడు. రోషం పొడుచుకొచ్చింది. "ఈ కొలతకు నాలుగంగుళాలు తగ్గించి కుట్టు. పెళ్లినాటికి నేనే దాంట్లోకి వస్తా," అన్నాను. టైలరన్న నావంక చూశాడు, టేపు వంక చూశాడు, "నాదేం పోయింది, గుడ్డ మిగులుతది," అన్నాడు.

మాట అనేశాక దాన్ని నిలబెట్టుకునే దారి వెతుక్కోవాలి. అప్పుడే మా బజార్లో సెల్ ఫోన్ల దుకాణం మీది అంతస్తులో ఒక జిమ్ము తెరిచారు. దాన్ని నడిపే కుర్రాణ్ణి అందరూ కోచ్ అనేవారు. నేను మెట్లెక్కి పైకి చేరి, ఆయాసం తీరేదాకా గోడకానుకుని నిలబడితే, అతను నన్ను జాలిగా చూసి ఏ ఇనుపకడ్డీనీ ముట్టనివ్వలేదు. "నీకు ముందు నోటికి తాళం పడాల అన్నా. ఆకలైతే తిను, కాకపోతే తినొద్దు. అంతే. ఆకలి లేకుండా తినేదంతా ఒంట్లో గోడౌన్ కట్టుకుంటది," అన్నాడు. నేను మనస్ఫూర్తిగా అడిగాను, "ఆకలైందో లేదో ఎట్ల తెలుస్తది?" అని. వేళాకోళం కాదు, నిజంగానే నాకు తెలియదు. మా ఇంట్లో ఆకలి గడియారంలో ఉండేది తప్ప కడుపులో ఉండేది కాదు. అమ్మ "టైమైంది, తిను" అనేది గానీ "ఆకలైందా" అని ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

కోచ్ దానికొక పరీక్ష చెప్పాడు. "కళ్లు మూసుకో. ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన ఉలవలు నీ ముందర పెట్టినారనుకో. తింటావా? తింటానని కడుపు చెప్తే అది ఆకలి. ఉలవలు నాకొద్దు, నెయ్యి దోసె అయితే తింటా అన్నదనుకో, అది ఆకలి కాదు, నాలుక," అన్నాడు. ఇంత చిన్న మాటలో ఇంత జ్ఞానం ఉందని నేను ఆశ్చర్యపోయాను. ఆ రాత్రినుంచే అమలు పెట్టాను. అమ్మ పళ్లెం పెట్టింది, నేను కళ్లు మూసుకున్నాను, ఉలవల్ని తలుచుకున్నాను, కడుపు ఛీ అంది. "ఆకలి లేదమ్మా," అన్నాను.

అంతే, ఇల్లంతా అల్లకల్లోలం. అమ్మ పరుగున వచ్చి నుదుటి మీద చెయ్యిపెట్టి చూసింది. జ్వరం లేదని తేలాక, ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసింది. నాయన పేపరు దించకుండానే, "ఎవరన్నా ఏమన్నా అన్నారా వాణ్ణి?" అని అడిగాడు. ఎందుకంటే మా వైపు మనిషి ఆకలి లేదన్నాడంటే రెండే అర్థాలు. జ్వరమైనా తగిలి ఉండాలి, మనసైనా నొచ్చి ఉండాలి. మూడో అర్థం మా వాళ్లెవరూ ఎరగరు. ఆ మూడోదాన్ని కనిపెట్టింది నేనేనని లోలోపల గర్వపడ్డాను. కొన్నాళ్లకు మా వాళ్లు అలవాటు పడ్డారు. నా ప్యాంటు కూడా కొంచెం వదులైనట్టే ఉండేది. (బెల్టు కొత్తదని అక్క అంటుంది. పెళ్లికూతురి మాట పట్టించుకోకూడదు.)

పెళ్లి దగ్గరపడి పిలుపులు మొదలయ్యాయి. దగ్గరివాళ్లను నాయన, అమ్మ పిలిచారు. దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు వైపు పల్లెలు మాత్రం నాకూ చిన్నాయనకూ వచ్చాయి. చిన్నాయనంటే మా నాయన తమ్ముడు. ఎంత తిన్నా ఎక్కడికి పోతుందో తెలియని మనిషి. ఆయన తిన్నది కూడా నా ఒంటికే పడుతోందేమోనని నాకొక అనుమానం. ఆ పిలుపుల్లో అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే కష్టమైనది మా అత్త పిలుపు. నాయనకు సొంత అక్క, పుల్లలచెరువు దగ్గర పల్లెలో ఉంటుంది. నేను ఇంటరు చదివే రోజుల్లో ఆమె కొత్త ఇల్లు కట్టుకుంది. ఆ గృహప్రవేశం రోజున ఏదో మాట పట్టింపు వచ్చి, అప్పట్నుంచి నాయనకూ ఆమెకూ మాటల్లేవు, రాకపోకల్లేవు. ఏమిటా పట్టింపని మమ్మల్ని అడగనివ్వరు, వాళ్లు చెప్పరు. పొలం గట్టు గొడవేమోనని నేనే ఊహించుకున్నాను.

మా ఇళ్లలో పెళ్లికూతురికి మొదటి నలుగు మేనత్త పెట్టాలి. అది ఆనవాయితీ. అంతకుమించి, చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ మా అక్క ఆ అత్త కొంగు పట్టుకునే తిరిగింది. ఎప్పుడూ గొంతెత్తని అక్క ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి అందరికీ వినపడేలా, "అత్త చెయ్యి పడకుండా నాకు నలుగొద్దు. పీటల మీద కూర్చునేదీ లేదు," అంది. నాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నేను పోను. పిలుపయితే పంపిస్తా. వాడు పోతాడు," అని నా వైపు గడ్డం ఎగరేశాడు. అక్క నన్ను పక్కకు తీసుకుపోయి, "రేయ్, ఎట్లన్నా చేసి తీసుకరారా," అంది. నన్ను అక్క ఏదైనా అడగడం అదే మొదలు. సరేనన్నాను.

పొద్దున్నే బైకు మీద బయల్దేరాం. (నేను వెనక కూర్చున్నాక చిన్నాయన టైర్ల వంక దిగులుగా చూసి గాలి కొట్టించాడు.) దోర్నాలలో వరసకు పెదనాయన అయ్యే ఆయనకు శ్రీశైలం రోడ్డు మీద హోటలుంది. యాత్రికులతో కిటకిటలాడే హోటల్లో మమ్మల్ని చూడగానే ఆయనే స్వయంగా దోసెలు తెచ్చి పెట్టాడు. నేను కళ్లు మూసుకుని ఉలవల్ని తలుచుకుని, "ఆకలి లేదు పెదనాయనా," అన్నాను. ఆయన వినలేదు. విననట్టు కూడా నటించలేదు. "హోటల్లోకి వచ్చి ఆకలి లేదంటే ఎట్లరా, ఆ పక్కన యాత్రికులు వింటే నా దోసె మంచిది కాదనుకుంటారు," అని ఇంకో దోసె వేశాడు. ఆయన వ్యాపారం దెబ్బతినకూడదని తిన్నాను. యర్రగొండపాలెంలో ఒక అవ్వ, అమ్మమ్మకు చెల్లెలు. చూపు ఆనదు, చెయ్యి తడిమి నన్ను గుర్తుపట్టి, "ఎంత చిక్కిపోయినావు నాయనా," అంది. ప్రపంచంలో నన్ను చూసి ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. ఆ ఆనందంలో సద్దరొట్టె, చింతకాయ పచ్చడి, మీద గడ్డపెరుగు తిన్నాను. దారిలో మరో పల్లెలో చిన్నాయన తోడల్లుడి ఇంట్లో, వద్దు వద్దంటుండగానే భక్ష్యాలు పెట్టి, నెయ్యి పోసి, నేను చెయ్యి అడ్డం పెడితే చేతిమీదే పోశారు. చెయ్యి నాక్కోక తప్పలేదు.

ఇలా పొద్దుట్నుంచీ వరసగా ఓడిపోతూ వస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. సూటు కళ్లముందు ఆడింది. బైకు మీద కూర్చుని గట్టిగా తీర్మానించుకున్నాను, ఇక మీదట బ్రహ్మదేవుడు దిగివచ్చి వడ్డించినా ముట్టను అని. అప్పుడే చిన్నాయన వెనక్కి తిరిగి, "అత్తకాడ మాత్రం ఏం పెట్టినా తినాల, తెలిసిందా?" అన్నాడు. "ఎందుకు?" అన్నాను. "ఎందుకని అడగొద్దు. తిను," అన్నాడు. 'అందరూ అనేది అదే కదా' అనుకుని, చూద్దాంలే అన్నాను. ఊరి మొదట్లో కందిచేలో మామ, అంటే అత్త భర్త, కనబడ్డాడు. చిన్నాయన ఆయనతో మాట్లాడటానికి బైకు ఆపి, "నువ్వు పదరా, ఇదో వచ్చేస్తా," అన్నాడు. నేను శుభలేఖల సంచీ భుజాన వేసుకుని ఒక్కణ్ణే నడిచాను.

అత్త వాకిట్లోనే ఉంది. నన్ను చూసి దగ్గరికొచ్చి నా రెండు చెంపలూ పట్టుకుని, "వచ్చినావా నాయనా, ఎంతవాడివైనావు! అచ్చం మీ తాత మాదిరిగుండావు," అంది. (మా తాత కూడా పెద్ద శరీరమే.) కాళ్లకు నీళ్లిచ్చింది. ఆ ఊళ్లో నీళ్లకు ఎంత కటకటో తెలిసినవాణ్ణి గనుక ఆ చెంబుడు నీళ్లు చూసి నా మనసు నిండిపోయింది. లోపల విస్తరి వేసి ఉంది. గిన్నెల మీద మూతలు. ఇల్లంతా నువ్వుల పొడి, నెయ్యి, వేయించిన కొబ్బరి వాసన. "రా, కూర్చో, వేడిగుండాది," అంది అత్త. నేను నిలబడే కళ్లు మూసుకున్నాను. ఉలవలు? కడుపు వద్దే వద్దంది. ఈసారైనా నెగ్గాలి. పొద్దుటినుంచీ కూడగట్టుకున్న ధైర్యమంతా ఆ ఒక్క మాటలో పెట్టి, చాలా స్పష్టంగా, "ఆకలి లేదత్తా," అన్నాను.

ఏ ఇంట్లోనూ నా మాట ఎవరూ వినలేదన్నాను కదా. ఇక్కడ విన్నారు. అత్త బతిమాలలేదు, చెయ్యి పట్టి లాగలేదు. ఆమె మొహంలో ఇందాకటి వెలుగంతా దీపం తీసేసినట్టు పోయింది. "అట్లనా," అంది. వంగి ఆ విస్తరి తీసి మడిచి గోడకానించి పెట్టింది. "మీ నాయన కూడా ఆడనే నిలబడి ఆ మాటే అనిపోయినాడు," అంది.

అప్పుడు తెలిసింది నాకు, అన్నేళ్ల గొడవేమిటో. పొలం గట్టు కాదు, ఆస్తి కాదు. గృహప్రవేశం రోజున అత్త తమ్ముడి కోసం విస్తరి వేసి కూర్చోమంటే, మార్కాపురంలో యూరియా లారీ వచ్చి నిలబడిందని, రైతులు కేకలేస్తున్నారని ఫోనొచ్చిందట (ఈ లారీ సంగతి తర్వాత చిన్నాయన చెబితే తెలిసింది, అత్తకు అప్పటికి తెలియదు). ఆ సంగతి చెప్పి పోయినా సరిపోయేది. చెబితే కూర్చోబెడతారని భయపడి నాయన, "నాకాకలి లేదక్కా," అని గుమ్మంలోంచే వెళ్లిపోయాడట. కొత్తింట్లో సొంత తమ్ముడు ముద్ద ముట్టకుండా పోయాడు, ఊరంతా చూసింది. "పొయ్యి ముట్టించిన పొద్దు తోడబుట్టినోడు తినకుండా పోతే, ఆ ఇంట్లో నేనెట్ల తినేది? ఆకలి లేకుంటే మానె, ఒక్క ముద్ద నోట్లో వేసుకుంటే వాని సొమ్మేం పోతాది? నామీద ఏం మనసులో పెట్టుకున్నాడో చెప్పమని కబురు పెట్టినా. 'నేనేమన్నా? ఆకలి లేదనే గదా' అన్నాడంట. ఇప్పుడు నిన్ను గూడా అదే మాట నేర్పించి పంపించినాడా?" అంది అత్త. నేను శుభలేఖ తీశాను. "ఆడ పెట్టు," అంది, చేత్తో ముట్టలేదు.

ఇంతలో మామతో కలిసి చిన్నాయన లోపలికొచ్చాడు. మడిచిపెట్టిన విస్తరి చూశాడు, నావంక చూశాడు, తల పట్టుకున్నాడు. వెంటనే తేరుకుని, "నాకు బలే ఆకలిగా ఉందక్కా!" అని కేకేశాడు. "నీకు ఏ యాలకు ఆకలి లేదులే! నువ్వు తినింది నేను లెక్కలోకి రాయను," అని అత్త గిన్నెలన్నీ లోపల పెట్టి తలుపు దగ్గరగా వేసి పశువుల కొట్టంలోకి వెళ్లిపోయింది. మామ మెల్లగా నా పక్కన కూర్చుని, "నిన్న మీ చిన్నాయన ఫోన్ చేసిన కాన్నుంచి ఆమె నిలబడింది లేదురా. పొద్దున్నించి గుక్కెడు నీళ్లు గూడ తాగలా. నువ్వొస్తే నీతో కూర్చుని తింటానని," అన్నాడు. సూటుకోసం నేను తినకపోవడం ఒక ఎత్తు, ఆమె అట్లా ఉండిపోవడం ఒక ఎత్తు. లోపలికి పోయి తినేస్తానన్నాను. చిన్నాయన నా చెయ్యి పట్టి ఆపాడు. "ఇప్పుడు తింటే భయపడి తిన్నట్టుంటది. ఆమెకు అదింకా కోపం. కూర్చో. కార్డు చేతికి తీసుకోకుండా పోతే పిలవనట్టే లెక్క," అన్నాడు.

కూర్చున్నాం. ఎండ అరుగు మీదినుంచి జారి వీధిలోకి దిగింది. అప్పుడొచ్చింది నీళ్ల ట్యాంకరు. ఆ ఊళ్లో ట్యాంకరు హారను వినబడితే పెళ్లిలో పీటల మీదున్నవాళ్లు కూడా లేచి పోవలసిందే. వీధంతా బిందెలు పరిగెత్తాయి. అత్త రెండు బిందెలు తీసుకుని బయటికి రాబోతుంటే, నేను ఏమీ ఆలోచించకుండా ఆమె చేతుల్లోంచి అవి లాక్కుని పరిగెత్తాను. ఆమె 'ఆగు' అనేలోపల గుంపులో దూరాను. బస్తాగా ఉండటం వల్ల ఒక లాభముంది, గుంపులో ఎవరూ మనల్ని పక్కకు తొయ్యలేరు. ట్యాంకరు వీధి మలుపులో ఆగింది, అత్త ఇల్లు ఇంకో చివర. బిందె భుజానికెత్తుకుని, నీళ్లు మీద ఒలకబోసుకుంటూ, ఆయాసపడుతూ, పోయి తొట్లో పొయ్యడం, మళ్లీ రావడం. "ఎవరే ఈ పిల్లోడు, బిందెకు తోడు బిందె మాదిరిగుండాడు," అని ఒకామె అంటే వీధంతా నవ్వారు. అత్త మాత్రం వాకిట్లో నిలబడి గట్టిగా, "నా మేనల్లుడు," అంది. ఆ మాట చెవిన పడి ఇంకో బిందె ఎక్కువ మోశాను. తొట్టి నిండింది, కుండలు నిండాయి, పశువుల కుడితి తొట్టి కూడా నిండింది. ట్యాంకరు వెళ్లిపోయింది. కోచ్ ఏ ఇనుపకడ్డీ ముట్టనివ్వని నేను కొట్టం గుంజకు ఆనుకుని కూలబడ్డాను.

అప్పుడు జరిగింది. నా జీవితంలో మొదటిసారి గడియారంతో పనిలేకుండా ఆకలేసింది. ఎక్కడో లోపల ఎవరో గట్టిగా తలుపు తట్టినట్టు వేసింది. కొట్టంలో అత్త ఎద్దులకు ఉలవలు ఉడకబెడుతోంది. పెద్ద డేగిసాలోంచి ఆవిరి లేస్తోంది. ఉప్పు లేదు, కారం లేదు, తాలింపు లేదు. నాకు కళ్లు మూసుకోవలసిన అవసరం కూడా రాలేదు. "అత్తా, ఆకలైతంది. ఏమన్నా పెట్టు," అన్నాను. ఆమె ఇటు తిరగకుండానే, "ఎద్దులకు ఉలవలుండాయి, తిను," అంది. కోపంగా అన్నదే. నేను లేచి గరిటెతో గంపలో ఆరబోసిన ఉలవలు దోసిట్లోకి తీసుకుని తిన్నాను. అబ్బ, ఏం రుచి! ఇంకో దోసిలి తీసుకున్నాను. పక్కనున్న ఎద్దు నావంక నమ్మలేనట్టు చూసింది. ఏం శబ్దమా అని అత్త ఇటు తిరిగింది. నాకు కోచ్ గుర్తొచ్చి నవ్వొచ్చింది, నోటినిండా ఉలవలతో నవ్వాపుకోలేకపోయాను.

"నవ్వుతావేందిరా?" అంది. అప్పుడు అంతా చెప్పాను. అక్క ఫోటోలు, టైలరన్న టేపు, నాలుగంగుళాల శపథం, ఉలవల పరీక్ష, దోర్నాల దోసె, నెయ్యి పోసిన చెయ్యి, ఆకలి లేదన్న మాటకు మా ఇంట్లో దిష్టి తీయడం, అన్నీ. అత్త మొదట నమ్మలేదు. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అదీ ఆగక డేగిసా పక్కనే చతికిలబడి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. "సూటు కోసమా! సూటు కోసం అత్త చేతికూడు వద్దంటివా!" అని నవ్వింది. కాసేపటికి ఆ కళ్లనీళ్లు వేరే అయ్యాయి. "మరి మీ నాయనకు ఆ పొద్దు ఏ సూటు కుట్టిస్తాండారంట?" అంది. పొయ్యిలో కట్టె ముందుకు తోసి, "చిన్నప్పుడు బడినుంచి సంచీ ఆడ పారేసి, అక్కా ఆకలైతంది, ఏమన్నా పెట్టు అని కొంగు పట్టుకుని తిరిగేటోడు. అమ్మను గూడా అడిగేటోడు కాదు, నన్నే అడిగేటోడు. పెద్దోడై దుకాణం పెట్టినాక అన్నీ తెచ్చిచ్చినాడు, కాదన్లా. చీరె తెచ్చినాడు, ఇంటికి రాయి తెచ్చినాడు. అడగడం మాత్రం మానుకున్నాడు. నన్ను ఏమన్నా అడిగి ఎన్నేళ్లాయె," అంది.

ఆ తర్వాత మడిచిన విస్తరి మళ్లీ పరిచింది. ఆమె కూడా నా పక్కనే కూర్చుంది. ఆమె రెండో ముద్ద తిన్నాకే నేను మొదటి ముద్ద తిన్నాను. చిన్నాయన ఎదురుగా కూర్చుని లెక్కలోకి రాకుండానే మా ఇద్దరికంటే ఎక్కువ తిన్నాడు. బయల్దేరేటప్పుడు అత్త చేతులు కడుక్కుని వచ్చి శుభలేఖ తీసుకుంది, కళ్లకద్దుకుంది. "వస్తావు గదా అత్తా?" అంటే మాత్రం, "చూద్దాంలే," అంది. పొద్దున నేను చిన్నాయనకు చెప్పిన మాటే గనుక, దాని విలువెంతో నాకు తెలుసు. ఇంటికి పోయి నాయనకు జరిగిందంతా చెప్పాను. ఉలవల దగ్గర నవ్వాడు. బడి సంచీ దగ్గర మాత్రం లేచి దుకాణం షట్టర్ వేసివస్తానని వెళ్లాడు. (షట్టర్ అప్పటికే వేసి ఉంది.)

నలుగు రోజు పొద్దెక్కుతోంది. అక్క పసుపుచీర కట్టుకుని కూర్చుని వీధివైపే చూస్తోంది. పురోహితుడు గడియలు దాటిపోతున్నాయంటున్నాడు. "ఇంకెవరితోనన్నా పెట్టిద్దాం," అని ఎవరో పెద్దావిడ అంటే అక్క మొండిగా తల అడ్డంగా ఊపింది. అప్పుడొచ్చింది ఆటో, మా గేటు ముందు ఆగింది. అత్త దిగింది, చేతిలో పెద్ద స్టీలు క్యారియరు. దిగి గేటు బయటే నిలబడింది, లోపలికి అడుగు వెయ్యలేదు. అమ్మ ఎదురుపోబోతే నాయన చెయ్యి అడ్డం పెట్టి తనే వెళ్లాడు. ఇద్దరూ గేటుకు అటూ ఇటూ నిలబడ్డారు. మా నాయన ఎవరికీ తలొంచిన మనిషి కాదు, క్షమించమనే మాట ఆయనకు రాదు. ఆయన గొంతు సవరించుకుని, "అక్కా, ఆకలైతంది. ఏమన్నా పెట్టు," అన్నాడు.

(గంట కిందట నా కళ్లముందే ఆయన ఇడ్లీలు తిని, చాలక ఉప్మా వేయించుకుని, త్రేన్చి మరీ లేచాడు. ఈ సంగతి నేను ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.)

అత్త ఆ గేటు దగ్గరే, పందిరి గుంజ పక్కన, క్యారియరు మూత తీసి భక్ష్యం తుంచి తమ్ముడి నోట్లో పెట్టింది. నాయన నమిలాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ నోరు తెరిచాడు. అప్పుడు లోపలికొచ్చింది అత్త. అక్క మీద ఆమె చెయ్యి పడగానే నలుగు వాసన ఇల్లంతా వ్యాపించింది. ఆకలి లేకుండా తినడం మంచిదా కాదా అని ఎవరైనా నన్నడిగితే నేను కోచ్ మాట చెప్పను, మా నాయన తిన్న ఆ భక్ష్యం సంగతి చెబుతాను.

సూటు సంగతి మీకు తెలిసే ఉంటుంది, గుండీలు పట్టలేదు. ఫోటోలన్నిట్లో తాంబూలం పళ్లెం పొట్టకు అడ్డం పెట్టుకుని, అత్త వెనక నక్కి నిలబడ్డాను. ఇప్పుడు నాకు ఆనాటి నాయన వయసు దగ్గరపడుతోంది. డాక్టరు ఆ పాత పరీక్షే కొత్త మాటల్లో చెప్పి, ఆకలి లేకుండా తినొద్దని కాగితం మీద రాసిస్తున్నాడు. ఇంట్లో శ్రద్ధగా పాటిస్తాను. పుల్లలచెరువు పోయిన రోజు మాత్రం ఆ కాగితం బైకులోనే ఉండిపోతుంది. పళ్లన్నీ ఊడిపోయి, తను మెత్తటి అన్నం తప్ప ఏమీ తినలేని అత్త, "ఆకలైతందత్తా" అన్న మాట వినడానికే వాకిట్లో కూర్చుని ఉంటుంది.

మొన్న మా అమ్మాయి ఆ ఆల్బం తిరగేస్తూ, అత్త వెనక ఉన్నవాణ్ణి చూపించి, "నాన్నా, ఈ సన్నటి అబ్బాయి ఎవరు?" అని అడిగింది. కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. నిజమే, ఇప్పటి నా పక్కన పెడితే వాడు సన్నగానే ఉన్నాడు. పాపం, ఎంత దిగులుగా పొట్ట దాచుకుంటున్నాడో. నువ్వు లావు కాదురా అని ఆ రోజు వాడికి ఎవరైనా చెప్పి ఉండాల్సింది అనిపించింది. ఎవరూ చెప్పకపోవడమే మంచిదైంది, చెప్పుంటే నేను అత్తతో ఆ మాట అనేవాణ్ణే కాదు.